చీకటి పడేలోగా: బ్రైటన్‌లో ఒంటరి ప్రయాణం గురించి కొన్ని మాటలు

ఒంటరిగా ఏదైనా ఊరు చూసి వచ్చిన ఆడవాళ్ళకు మనవాళ్ళ దగ్గర రెండు రకాల మాటలే దొరుకుతాయి. ఒకటి మందలింపు, రెండోది మెచ్చుకోలు. "ఒక్కదానివే ఏం చేశావే అక్కడ? తోడుకి ఎవరూ దొరకలేదా?" అనే మా పిన్ని మందలింపు నాకు అర్థమవుతుంది. ఆవిడ పెరిగిన కాలంలో పెళ్ళికాని పిల్ల పక్క ఊరికి వెళ్ళాలన్నా తమ్ముణ్ణి తోడిచ్చి పంపేవారు, ఆ తమ్ముడికి ఎనిమిదేళ్ళే ఉన్నా సరే. నాకు మింగుడుపడనిది రెండోది. "నీకు ధైర్యం ఎక్కువమ్మా" అని ఎంతో ఆప్యాయంగా అనే ఆ మాటలో ఒక లెక్క దాగి ఉంటుంది: ఊరు ప్రమాదమే, నువ్వు గట్టిదానివి కాబట్టి క్షేమంగా తిరిగొచ్చావు. ఈ లెక్కను ఒప్పుకున్నామంటే, రేపు మరొక అమ్మాయికి ఏదైనా జరిగినప్పుడు ఆమెకు ధైర్యం చాలలేదనో, జాగ్రత్త తక్కువైందనో అనడానికి కూడా ఒప్పుకున్నట్టే.

నిజానికి నేను గదిలో సాలెపురుగు కనిపిస్తే రిసెప్షన్‌కు ఫోన్ చేసే రకం. అయినా ఇంగ్లండుకు ఉద్యోగానికి వచ్చిన దగ్గర నుంచి, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కదాన్నే అక్కడి సముద్రతీర నగరం బ్రైటన్‌కు వెళ్ళి వస్తున్నాను. ఒంటరి ఆడమనిషి క్షేమం ఆమె స్వభావంలో కంటే ఆమె అడుగుపెట్టిన ఊరి ఏర్పాట్లలోనే ఎక్కువగా ఉంటుందనీ, సముద్రతీర విహార నగరాలకు ఆ ఏర్పాట్లు కొంత పుట్టుకతోనే వచ్చాయనీ, కాబట్టి మనం ఆడపిల్లలకు అప్పజెప్పే జాగ్రత్తల జాబితాలో సగం నిజానికి ఊళ్ళకూ, హోటళ్ళకూ, రైళ్ళు నడిపేవాళ్ళకూ అప్పజెప్పవలసినవనీ నా వాదన.

బ్రైటన్ ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళ ఊరు. రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీరు జబ్బులకు మందు అని 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం రాసి, ఆ నీటిలో మునగమనీ, దాన్ని తాగమనీ రోగులకు చెప్పసాగాక డబ్బున్నవాళ్ళు ఈ ఒడ్డుకు రావడం ఎక్కువైంది. 1783లో తొలిసారి వచ్చిన యువరాజు జార్జ్‌కు ఊరు నచ్చి ఇక్కడే ఒక నివాసం ఏర్పరచుకున్నాడు. దాన్నే 1815 నుంచి 1822 దాకా జాన్ నాష్ అనే వాస్తుశిల్పి, మన నవాబుల కోటలను తలపించే గుమ్మటాలతో రాయల్ పెవిలియన్‌గా మార్చాడు. 1841లో లండన్ నుంచి రైలుమార్గం పడింది. అంటే రెండున్నర శతాబ్దాలుగా ఈ ఊరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇక్కడ పని లేదు, చుట్టాలు లేరు, తీర్చుకోవలసిన మొక్కూ లేదు. ఒడ్డున నడవడానికీ, కూర్చోవడానికీ, నీళ్ళవైపు చూడడానికీ వస్తారు. మామూలు ఊళ్ళో ఒక ఆడమనిషి వీధి మలుపులో అరగంట ఊరికే నిలబడితే ఆ నిలబడడానికి ఒక కారణం చూపించాలి. ఫోనైనా చెవికి ఆనించుకోవాలి. బ్రైటన్ ఒడ్డున ఊరికే నిలబడనివాళ్ళే అరుదు.

ఆ తొలి రోజుల్లో స్నానానికి వచ్చినవాళ్ళను చక్రాల మీద ఉన్న చిన్న చెక్క గదుల్లో కూర్చోబెట్టి, ఆ గదిని గుర్రంతో నీళ్ళలోకి లాగించేవారు. ఆడవాళ్ళను అలల్లో ముంచి లేపే పని ఆడవాళ్ళదే. వాళ్ళలో పేరుమోసిన మార్తా గన్ 1726లో పుట్టి 1815లో పోయింది. సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఆమె సమాధి ఉంది. అదే ఆవరణలో మన పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ సమాధి కూడా ఉంది. ఆయన ఇక్కడి ఒడ్డున ఆవిరి స్నానాలు, ఒళ్ళు మర్దనాలు చేసే స్నానశాల నడిపి, ఇద్దరు రాజులకు ఆస్థాన మర్దనకారుడన్న బిరుదు సంపాదించాడు. ఆడవాళ్ళ విభాగాన్ని ఆయన భార్య జేన్ చూసుకునేది. ఆ ఇద్దరి సమాధుల మధ్య నడుస్తున్నప్పుడు నాకు తట్టేది ఒకటే. ఆ వ్యాపారం చేసినవాళ్ళు, ఆడవాళ్ళు ధైర్యం కూడగట్టుకుని వస్తారులే అని చేతులు కట్టుకుని కూర్చోలేదు. నీళ్ళ దగ్గర, ఆవిరి గది దగ్గర ఒక ఆడమనిషిని నిలబెట్టారు. అది దయతో చేసిందేమీ కాదు, అలా చేయకపోతే సగం గిరాకీ పోతుంది. ఎందుకు చేశారన్నది నాకు పెద్ద పట్టింపు లేదు.

ఇక చీకటి సంగతి. మా అమ్మ ఫోన్లో ప్రతిసారీ చెప్పే మాట ఒకటుంది: "చీకటి పడేలోగా రూముకి చేరుకో తల్లీ." డిసెంబరులో బ్రైటన్‌లో సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దుగుంకుతుంది. అమ్మ మాటను అక్షరాలా పాటించాలంటే మధ్యాహ్న భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే గదికి పరుగెత్తాలి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దుగుంకదు. అప్పటికి మధ్యాహ్నం నుంచి తాగుతూ కూర్చున్న గుంపులు గులకరాళ్ళ మీద సీసాలు దొర్లించుకుంటూ నిక్షేపంలాంటి వెలుతురులోనే కేకలు పెడుతుంటాయి. ఏ పూట భయపడాలో సూర్యుణ్ణి అడిగితే చెప్పడు. అమ్మ భయపడే చీకటి అసలు ఆకాశానికి సంబంధించినది కాదు, జనం ఇళ్ళకు వెళ్ళిపోయిన వీధికి సంబంధించినది. ఆవిడ ఎరిగిన ఊళ్ళో ఆ రెండూ ఒకేసారి జరిగేవి కాబట్టి ఒక్క మాటతో రెండూ సరిపోయేవి. ఇక్కడ సరిపోవు.

దీనికి నేను చూపించగల సాక్ష్యం పాలెస్ పియర్. 1899లో తెరిచిన ఈ వంతెన అర కిలోమీటరు పైచిలుకు సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుగుంకే వేళకు గోరువంకల కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పక్షులు వేల సంఖ్యలో వచ్చి, గాలిలో ఒక్క ప్రాణిలా మెలికలు తిరిగి, చివరికి ఆ పియర్ కింది ఇనుప దూలాల మీద రాత్రికి సర్దుకుంటాయి. వాటిని చూడడానికి ఒడ్డున లేత నీలి ఆకుపచ్చ రంగు వేసిన రెయిలింగు పొడవునా జనం నిలబడతారు. ఒకసారి నా ఎడమపక్కన కుక్క తాడును మణికట్టుకు చుట్టుకున్న ముసలాయన, కుడిపక్కన ఆసుపత్రి గుర్తింపు కార్డు ఇంకా మెడలో వేలాడుతున్న ఒక నడివయసావిడ, ఆవిడకు అవతల ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటున్న ఇంకొక ఆడమనిషి. ఎవరికి వారే వచ్చినవాళ్ళు. పక్షులు పైకి లేచినప్పుడు అందరి తలలూ ఒకేసారి లేచాయి. ఎవరూ ఎవరినీ పలకరించలేదు. చివరి పక్షి కూడా దిగిపోయాక చూస్తే పూర్తిగా చీకటి. వాచీలో నాలుగున్నర. అందరూ నెమ్మదిగా బస్‌స్టాపుల వైపు కదిలారు. అమ్మ లెక్కన నేను అప్పటికే అరగంట ఆలస్యం.

ఆ అరగంట క్షేమంగా గడవడానికి కారణాలు కంటికి కనిపించేవే. ఒడ్డు రోడ్డు తిన్నగా, దాపరికం లేకుండా సాగుతుంది కాబట్టి ఎదురుగా వచ్చే మనిషి చాలా దూరం నుంచే కనిపిస్తాడు. దీపాలు వరసగా ఉంటాయి. బెంచీలు, గాలికి అడ్డంగా కట్టిన పాతకాలపు కొట్టాలు ఉంటాయి కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకుండా కూర్చోవచ్చు. రోడ్డు దాటితే బస్సు దొరుకుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, బ్రైటన్ చలికాలంలో తలుపులు మూసుకునే ఊరు కాదు. రెండు విశ్వవిద్యాలయాలు, గంట ప్రయాణంలో లండన్‌కు వెళ్ళి ఉద్యోగం చేసి వచ్చేవాళ్ళు ఉండడం వల్ల జనవరిలో కూడా సాయంత్రం ఏడింటికి వీధుల్లో మనుషులుంటారు. ఇదే తీరంలో ఎండాకాలంతో పాటే దుకాణాలు కట్టేసే చిన్న విహార పట్టణాలున్నాయి. అదే కోటు వేసుకుని, అదే జాగ్రత్తతో, అదే వేళకు అక్కడ నడిచే ఆడమనిషి పరిస్థితి పూర్తిగా వేరు. ఆమెలో ఏమీ మారలేదు, ఊరు మారింది.

దీనికి తోడు, స్వలింగ ప్రేమికులు దశాబ్దాలుగా వచ్చి స్థిరపడిన ఊరిది. కెంప్‌టౌన్ పేట అందుకు పేరుపొందింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అనే కొలతకు సరిపోని మనుషులు అంతమంది ఉన్నచోట ఒంటరి ఆడమనిషి ఎవరి కంటికీ వింతగా కనిపించదు. తమ బతుకు కోసం వాళ్ళు సంపాదించుకున్న చోటులో నాకూ కొంత దొరికిందనుకుంటాను.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది: "అక్కడి మగవాళ్ళు మర్యాదస్తులు, మన దగ్గర అలా కుదరదు." ఇది విన్నప్పుడల్లా నాకు విక్టోరియా రాణి గుర్తుకొస్తుంది. 1840లలో ఆమె పెవిలియన్‌లో బస చేసి, భర్తతో కలిసి నడుచుకుంటూ అప్పట్లో ఉన్న పాత పియర్‌కు బయలుదేరితే, ఊళ్ళోని దుకాణాల కుర్రాళ్ళు గుంపుగా వెంటపడి, ఆమె టోపీ కింద ముఖం ఎలా ఉందో చూడడానికి వంగి వంగి తొంగిచూశారని తన డైరీలో చిరాకుగా రాసుకుంది. రాణి, పైగా పక్కన మొగుడు, అయినా వదల్లేదు. ఆమెకు ఊరు నచ్చలేదు. 1850లో పెవిలియన్‌ను ఊరివాళ్ళే కొనుక్కున్నారు. మర్యాద ఈ నేలలో మొలిచిందేమీ కాదు. దాన్ని నేర్పవలసి వచ్చింది, కొన్నిచోట్ల ఇంకా నేర్పుతూనే ఉన్నారు.

ఎక్కడ నేర్పుతున్నారో తెలియాలంటే శనివారం రాత్రి రావాలి. రైల్వేస్టేషన్ గుమ్మంలో నిలబడితే క్వీన్స్ రోడ్డు, దాని కొనసాగింపుగా వెస్ట్ స్ట్రీట్ తిన్నగా పల్లంలోకి దిగి, పావుగంట నడకలో సముద్రం దగ్గర తేలుస్తాయి. పగలు అంతకంటే తేలిక దారి లేదు. శనివారం రాత్రి వెస్ట్ స్ట్రీట్ క్లబ్బుల వీధి. పెళ్ళికి ముందు పెళ్ళికొడుకును ఊరేగించడానికి ఒకే రకం చొక్కాలు కుట్టించుకుని వచ్చిన మగగుంపులు, నెత్తిన మేలిముసుగులతో ఆడగుంపులు, పేవ్‌మెంటు మీద పగిలిన గాజు. ఆ రాత్రి నేను ఆ దారిన వెళ్ళను, స్టేషన్ నుంచే బస్సెక్కుతాను. ఇది జాగ్రత్తే, కాదనను. కాని దానికి వెల ఉంది. బస్సు టికెట్టు, ఎదురుచూపు, మొబైల్‌లో దారి వెతుక్కోవడం, అన్నిటికంటే ముందు ఆ సాయంత్రమంతా మనసులో ఒక మూల ఆ ఆలోచన తిరుగుతూ ఉండడం. మగవాడు ఆ వెల కట్టడు. "జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది?" అనేవాళ్ళు ఈ పద్దు ఎప్పుడూ చూసి ఉండరు.

ఒక శుక్రవారం సాయంత్రం రైల్లో అలాంటి గుంపే ఒకటి నా పెట్టెలో ఎక్కింది. ఒకడు నా పక్క సీటులో కూలబడి, ఒక్కదానివే ఎక్కడికి, ఎందుకు ఒక్కదానివే, వాళ్ళతో రావచ్చు కదా అని మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు నవ్వుతూ ఫోన్లు పైకెత్తారు. బ్రిటన్ రైల్వే పోలీసులకు 61016 అనే నంబరుకు మెసేజ్ పంపవచ్చు, మాట్లాడనవసరం లేదు. ఒళ్ళోనే ఫోన్ పెట్టుకుని పెట్టె నంబరు, తర్వాతి స్టేషన్ పేరు రాసి పంపాను. ఆ స్టేషన్లో సిబ్బందిలో ఒకావిడ ఎక్కి, నా వైపు కన్నెత్తి కూడా చూడకుండా, టికెట్లు చూసే నెపంతో వాళ్ళను వేరే పెట్టెకు తరలించింది. అప్పుడు నేను చేసింది ఒక నంబరు గుర్తుపెట్టుకోవడం, అంతే. నంబరును ప్రతి పెట్టె గోడకూ అంటించిన వాళ్ళు, మెసేజ్ చదవడానికి అవతల కూర్చున్న మనిషి, చాకచక్యంగా వ్యవహరించిన ఆ ఉద్యోగి, వీళ్ళంతా కలిసి చేసినదానికి నన్ను ధైర్యవంతురాలివి అంటే ఎలా?

ఇదే కోవలో ఇంకొకటి. బారులో ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే కౌంటర్ దగ్గరకు వెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడిగితే చాలు, సిబ్బంది విషయం గ్రహించి పక్కకు తీసుకెళ్ళి టాక్సీ పిలిచి పంపే పద్ధతి 2016లో లింకన్‌షైర్‌లో మొదలై దేశమంతా పాకింది. దాని పోస్టరు నేను ఎక్కువగా చూసేది ఆడవాళ్ళ టాయిలెట్ తలుపుల లోపలివైపు. అంటించడం తేలికే, శనివారం రాత్రి మాత్రమే పని చేయడానికి వచ్చే కొత్త కుర్రాడికి దాని అర్థం నేర్పడమే అసలు పని. నేర్పని చోట అది గోడకున్న కాగితం.

ఏర్పాటు అసలే లేని చోటు కూడా బ్రైటన్ పొలిమేరలోనే ఉంది, నేను అక్కడికీ వెళ్తాను. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన భారత సైనికులకు 1914 చివరి నుంచి 1916 మొదటి దాకా పెవిలియన్‌లో ఆసుపత్రి నడిచింది. ఇక్కడి ఆసుపత్రులలో చనిపోయినవారిలో 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఊరికి ఉత్తరాన పాచమ్ పైనున్న గుట్ట మీద దహనం చేశారు. అక్కడ కట్టిన తెల్ల పాలరాతి స్మారక మండపం 'ఛత్రి'ని 1921లో ఆవిష్కరించారు. బస్సు దిగాక బైపాస్ దాటి గడ్డి మైదానాల్లో నడవాలి. గొర్రెలు, చెక్క గేట్లు, గాలి, అంతే. దీపం లేదు, దుకాణం లేదు, ఒక్కోసారి ఫోన్ సిగ్నలూ ఉండదు. అక్కడికి నేను ఆదివారం ఉదయం, కుక్కలను తిప్పేవాళ్ళు ఉండే వేళ చూసుకుని వెళ్తాను. ఒంటరి చోట జనం ఉండే వేళను ఎంచుకోవడమే నాకు తెలిసిన పద్ధతి.

ఆ ఆసుపత్రుల కథలో ఒక విషయం నా వాదనకు దగ్గరగా తగులుతుంది. కోలుకుంటున్న మన సైనికులు ఇక్కడి ఆడవాళ్ళతో కలవకుండా ఉండాలని వాళ్ళు ఊళ్ళోకి స్వేచ్ఛగా వెళ్ళడం మీద ఆంక్షలు పెట్టారు; ఒక ఆసుపత్రికి ముళ్ళకంచె కూడా వేశారు. అంటే ఇదే ఒడ్డున ఒకప్పుడు ఒంటరిగా షికారు చేయకూడనివాడు మన మగవాడు, అదీ ఆడవాళ్ళ రక్షణ పేరుతోనే. ఎవరిని కాపాడాలన్నా ముందు ఎవరో ఒకరి కాళ్ళకు బందం వేయడమే అధికారులకు తేలికగా తోచే ఉపాయమని దీన్నిబట్టి నాకు అర్థమైంది. ఎక్కువసార్లు ఆ కాళ్ళు ఆడవాళ్ళవి, ఈసారి ఆ సైనికులవి.

మనుషుల గురించి ఇంత చెప్పాను గాని, బ్రైటన్‌లో ఒంటరి మనిషికి నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది సముద్రం. జాగ్రత్తల జాబితాలు రాసేవాళ్ళు దీని మీద ఒక్క వాక్యం కూడా ఖర్చుపెట్టరు, చీర కట్టాలా జీన్స్ వేయాలా అని మాత్రం ఒక పేరా రాస్తారు. ఇక్కడ ఇసుక లేదు, గులకరాళ్ళ ఒడ్డు. అది నీటి దగ్గర హఠాత్తుగా దిగిపోతుంది. మోకాలి లోతులో ఉన్నాననుకుని ఇంకో రెండు అడుగులు వేస్తే కింద నేల తగలదు. అల వెనక్కి లాగినప్పుడు రాళ్ళు కాళ్ళ కింద జారిపోతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నీళ్ళు ఆగస్టులో కూడా సుమారు 18 డిగ్రీల దగ్గరే ఆగుతాయి, చలికాలం చివర 7, 8 డిగ్రీలకు దిగుతాయి. పదిహేను డిగ్రీల కంటే చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా మునిగితే శ్వాస అదుపు తప్పి ఎగశ్వాస మొదలవుతుంది. ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. 1824 నుంచి ఈ తీరాల్లో ప్రాణాలు కాపాడుతున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే లైఫ్‌బోట్ల సంస్థ చెప్పేది వినడానికి వింతగా ఉంటుంది: కొట్టుకోవద్దు, వెల్లకిలా వాలి, చెవులు నీళ్ళలో మునగనిచ్చి, ఊపిరి కుదుటపడేదాకా తేలుతూ ఉండండి. ఎండాకాలంలో ఎరుపు పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డులు చూస్తుంటారు, ఈదవలసింది అక్కడే. ఎవరైనా మునుగుతున్నట్టు ఒడ్డు నుంచి చూస్తే అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డును అడగాలి.

జంటగా వచ్చినవాళ్ళలో ఒకరు నీళ్ళలో ఉంటే ఇంకొకరు ఒడ్డున ఉంటారు. ఒంటరిగా వచ్చినవాళ్ళకు ఒడ్డున ఎవరూ ఉండరు. అసలు చిక్కు అంతా దీనిలోనే ఉంది, అది చిన్న రూపంలో బ్యాగు దగ్గర మొదలవుతుంది. గది తాళం, ఫోన్, కార్డు, కళ్ళజోడు, పొడి బట్టలు. వీటిని రాళ్ళ మీద వదిలి నీళ్ళలోకి దిగాలి. నేను ఉదయం ఏడింటికి పియర్ దగ్గరకు వెళ్తాను, ఎందుకంటే ఆ వేళకు రంగురంగుల రబ్బరు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు, ఈతకు వస్తారు. మొదటిసారి అందులో ఒకావిడను నా బ్యాగు చూస్తారా అని అడిగితే, ఆవిడ బ్యాగు వైపు చూడనే లేదు. "ఎంతసేపు ఉంటావు?" అని అడిగింది. పది నిమిషాలన్నాను. వాచీ చూసుకుని, "పది దాటితే నేను వచ్చి పిలుస్తాను" అంది. నీళ్ళలోంచి చూస్తే ఆవిడ తువ్వాలు భుజాల మీద కప్పుకుని, పక్కావిడతో కబుర్లాడుతూనే, ఒక కన్ను నా మీద వేసి ఉంచింది. ఎనిమిదో నిమిషంలో చెయ్యి ఊపింది. బయటికి వచ్చాక ఏడాదిలో ఏ నెలలో నీళ్ళు ఎలా ఉంటాయో, గాలి నైరుతి నుంచి కొట్టే రోజు ఎందుకు దిగకూడదో చెబుతూ, వణుకుతున్న నా చేతికి అల్లం బిస్కెట్టు ఇచ్చింది. ఒంటరిగా వెళ్ళడమంటే ఎవరితోనూ పొత్తు లేకుండా ఉండడం అనుకునేవాళ్ళకు ఈ పది నిమిషాల సంగతి చెప్పాలని ఎప్పుడూ అనుకుంటాను. తోడు అప్పటికప్పుడు, అవసరమైనంత వరకే తీసుకుని, మళ్ళీ తిరిగి ఇచ్చేయవచ్చు.

గది విషయంలో మాత్రం ఈ ఊరి మీద నా ఫిర్యాదు పోలేదు. విహార నగరాల్లో గదులు చాలావరకు ఇద్దరి కోసం కట్టినవి, ధర గదికే గాని మనిషికి కాదు. ఒక్కరు వెళ్ళినా ఇద్దరి సొమ్ము కట్టాలి. ఒంటరి గదులని ఉన్నవి సాధారణంగా నేలమాళిగలోనో, మెట్ల కిందో, అటకలోనో ఉంటాయి. వారాంతంలో రెండు రాత్రులకు తక్కువైతే చాలా గెస్ట్‌హౌసులు గది ఇవ్వవు. ఒక చోట నన్ను వీధి మట్టానికి దిగువన, పేవ్‌మెంటు మీద నడిచేవాళ్ళ బూట్లు కనిపించే కిటికీ ఉన్న గదిలో పెట్టారు. ఆ కిటికీకి గొళ్ళెం సరిగ్గా పడలేదు. యజమాని నవ్వుతూ "ఒక్కరే కదా" అన్నాడు. ఒక్కదాన్నే కాబట్టే గొళ్ళెం కావాలని చెప్పి, గది మార్పించుకున్నాను. ఒంటరి ఆడవాళ్ళ ప్రయాణాల మీద పెద్ద పెద్ద ప్రకటనలు వేసే పర్యాటక వ్యాపారం, వాళ్ళు నిద్రపోయే గది దగ్గరికి వచ్చేసరికి ఇంకా మెట్ల కిందే ఆగిపోయింది.

అందుకే బ్రైటన్ వెళ్ళాలనుకునే అమ్మాయిలెవరైనా నన్ను సలహా అడిగితే, నువ్వు ఎలా ఉండాలి అన్నదాని జోలికి పోను. గది ఇచ్చేవాళ్ళను ఏమేం అడగాలో చెబుతాను: గది ఏ అంతస్తులో ఉంది, కిటికీ ఎటువైపు తెరుచుకుంటుంది, రాత్రి పదకొండు తర్వాత తలుపు మనిషి తీస్తాడా, అంకెలు నొక్కి మనమే తీసుకోవాలా, ఆ అంకెలు ప్రతి అతిథికీ మారుస్తారా, నా పేరూ గది నంబరూ కౌంటర్ దగ్గర అందరికీ వినబడేలా పిలుస్తారా. వారాంతం కాకుండా ఆదివారం మధ్యాహ్నం దిగి సోమ, మంగళవారాల్లో ఉంటే గుంపులు వెళ్ళిపోయి ఉంటాయి, అద్దె కూడా తగ్గుతుంది. స్నేహితురాలి చెల్లెలు ఒకమ్మాయి ఈ మధ్య ఈ ప్రశ్నలన్నీ వరసగా రాసి మూడు గెస్ట్‌హౌసులకు ఈమెయిల్ పంపింది. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు ఇంత భయమైతే తోడు తెచ్చుకోవచ్చు కదా అని రాశారు. మూడో చోట గది నడిపే ఆవిడ ప్రతి ప్రశ్నకూ విడిగా జవాబు రాసి, తలుపు అంకెలు ఇంతవరకు మార్చడం లేదనీ, అడిగారు కాబట్టి ఇకమీదట ప్రతి అతిథికీ మారుస్తాననీ చివర్లో చేర్చింది. ఆ అమ్మాయి అక్కడే గది తీసుకుంది.